నాలుగు ఫ్యూజులు

మీటరు తిరిగొచ్చిన తీరు చూస్తే చాలు, దాన్ని వాడిన మనిషి ఆ రోజు ఎలా ఉన్నాడో ఆమె చెప్పగలదు. వైర్లు ఉండచుట్టి సంచిలో కుక్కేసి ఉంటే ఎవరిమీదో కోపంగా ఉన్నాడని. డయలు ఆఫ్ చెయ్యకుండా ఇచ్చేస్తే ఇంటికి పోయే తొందరలో ఉన్నాడని. మొనలకి జిడ్డు అంటి ఉంటే టిఫిను తిన్న చెయ్యి కడుక్కోలేదని. కాగితం మిల్లులో కొలత పరికరాల గదికి పంతొమ్మిదేళ్ళుగా ఆమే ఉంది. అందరూ మీటరక్క అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు.

పొద్దున షిఫ్టుకొచ్చే కరెంటు పనివాళ్ళ దగ్గర టోకెన్ తీసుకుని మీటరు ఇవ్వడం, సాయంత్రం మీటరు తీసుకుని టోకెన్ ఇవ్వడం. చెప్పుకోడానికి అంతే. కానీ తిరిగొచ్చిన ప్రతి మీటరునీ ఆమె చూడాలి. వైర్ల తొడుగు ఎక్కడైనా చిట్లిందా, లోపల తీగ తెగిందా, బ్యాటరీ ఎంత ఉంది, కొలత సరిగా చూపిస్తోందా అని ఏడాదికోసారి చేయించే క్యాలిబ్రేషను గడువు దాటిందా. చివరగా వెనక మూత తీసి ఫ్యూజు. ఫ్యూజు పోయి ఉంటే పసుపు కాగితం రాయాలి. మనిషి టోకెన్ నంబరు, మీటరు నంబరు, తేదీ. ఆ కాగితం సేఫ్టీ ఆఫీసరుకి వెళ్తుంది. ఆ మనిషి మళ్ళీ పరీక్షకి కూర్చుంటాడు. ఎందుకంటే మీటరులో ఫ్యూజు ఊరికే పోదు. కరెంటు కొలిచే రంధ్రంలో ఎర్ర వైరు పెట్టి, దాన్ని మార్చడం మరిచి, వోల్టులు చూడబోయినవాడికే పోతుంది. మీటరు మంచిది, ఫ్యూజు మంచిది అయితే చిన్న టిక్‌తో సరిపోతుంది. కాకపోతే మీటరు చేతిలోనే పేలుతుంది.

ఆ పసుపు కాగితం పద్ధతి పెట్టించింది ఆమె భర్తే.

ఆయన్ని మిల్లంతా మాస్టారంటారు. బడిలో పాఠం చెప్పలేదు. ఎలక్ట్రికల్ సెక్షనులో ముప్పయ్యేళ్ళుగా కొత్తగా వచ్చినవాళ్ళకి పని నేర్పాడు. "బతికున్నచోట చూడు, చచ్చినచోట చూడు, మళ్ళీ బతికున్నచోట చూడు," అని వాళ్ళచేత వల్లె వేయించేవాడు. కరెంటు ఉందని తెలిసినచోట ముందు మీటరు పెట్టి చూడాలి. తర్వాత కరెంటు లేదనుకుంటున్నచోట పెట్టాలి. మళ్ళీ ఉన్నచోట పెట్టి చూడాలి. సున్నా చూపించింది లైను చచ్చి కాదు, మీటరు చచ్చి అయితే? "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఈ పనిలో చేతులు మిగలవురా," అనేవాడు. కొలిచేటప్పుడు ఎడంచెయ్యి జేబులో ఉండాలి. రెండు చేతులూ పెడితే కరెంటు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి గుండె మీదుగా పోతుందట. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. పాల గిన్నె దించినా, తలుపు తీసినా ఎడంచెయ్యి జేబులోనే.

"పెళ్ళిలో తాళి కూడా ఒంటిచేత్తోనే కట్టారేమో మా బావ," అనేవాడు ఆమె తమ్ముడు.

"నీ అక్కలో వోల్టేజీ ఎంతుందో అప్పటికి తెలీదుగా, జాగ్రత్త పడ్డాను," అనేవాడాయన.

తమ్ముడు పన్నెండేళ్ళ వయసులో వాళ్ళింటికొచ్చాడు, అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోయాక. వీళ్ళకి పిల్లలు లేరు. బావే చదివించాడు, పనిలో పెట్టించాడు, పెళ్ళి చేశాడు. ఇప్పుడు వాడు బావకి జోడీ. ఎలక్ట్రికల్ పనికి ఇద్దరిద్దరే వెళ్ళాలి. ఒకడు కొలుస్తాడు, ఒకడు చెయ్యి పెడతాడు. పదకొండేళ్ళుగా బావ కొలుస్తాడు, తమ్ముడు చెయ్యి పెడతాడు.

మొదటి ఫ్యూజు వానలు మొదలైన వారంలో పోయింది. ఆయనిచ్చిన మీటరులో ఎర్ర వైరు కరెంటు రంధ్రంలోనే ఉంది. డయలు మాత్రం వోల్టుల మీద ఉంది. ఆమె మూత తీసింది. ఫ్యూజు ఊడదీసి ఇంకో మీటరుకి ఆనించింది. బతికుంటే కూత పెట్టాలి. పెట్టలేదు. సొరుగులో పసుపు కాగితాల బొత్తి ఉంది. ఆమె దాన్ని బయటికి తీసింది, పెన్ను మూత తీసింది. ముప్పయ్యేళ్ళలో ఆయన పేరు మీద ఒక్క పసుపు కాగితం లేదు. ఒక్కసారి ఎవరికైనా జరుగుతుంది, పైగా మొన్నంతా జ్వరం, అనుకుంది. క్యాలిబ్రేషనులో తప్పి పక్కన పడేసిన పాత మీటర్ల పెట్టె మూల ఉంది. అందులోంచి అదే రకం ఫ్యూజు ఊడదీసి వేసింది. కాగితం సొరుగులో పెట్టేసింది.

రెండోది ఆరువారాల తర్వాత. ఆసరికి ఇంట్లో కూడా ఏదో తేడా కొడుతోంది. కాఫీలో పంచదార వేసి కలిపి, మళ్ళీ వేసి కలిపేవాడు. సందు మలుపులో ఒకరోజు నిలబడిపోయాడు, ఎటు తిరగాలో అడగడానికి నామోషీ అయినట్టు. "ఏంటండీ?" అంటే, "ఆ కొత్త ఇల్లు ఎవరిదా అని," అన్నాడు. అక్కడ కొత్త ఇల్లేదీ లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఆయనకి పరీక్ష పెట్టింది. అలా పెట్టినందుకు తర్వాత చాలా రోజులు తనని తను తిట్టుకుంది.

"టార్చిలైటు బ్యాటరీ ఊరికే అయిపోతోందండీ. ఎంత కరెంటు తాగుతోందో కాస్త చూడరూ."

"ఆదివారం కూడా డ్యూటీ వేస్తున్నావా? ఓవర్‌టైము ఎంతిస్తావు?" అంటూనే ఇంట్లో ఉన్న పాత మీటరు తెచ్చాడు. ఎర్ర వైరు కరెంటు రంధ్రంలో పెట్టి చక్కగా కొలిచాడు. "స్విచ్చి తుప్పు పట్టింది. ఆపినా లోపల కొంచెం పారుతోంది. మీ తమ్ముడి నోరులాగ," అన్నాడు. అంత తేటగా చెప్పాడు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"పనిలో పనిగా ఇస్త్రీపెట్టె ప్లగ్గులో కరెంటు సరిగా వస్తోందో లేదో అది కూడా."

అని వెళ్ళి మెయిన్ స్విచ్చి పక్కన నిలబడింది. ఆయన డయలు వోల్టుల మీదికి తిప్పాడు. ఎడంచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఎర్ర వైరు ఉన్నచోటే ఉంది. ఆమె ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టింది, ఇప్పుడు మారుస్తాడు, ఇప్పుడు మారుస్తాడని. మొనలు ప్లగ్గు దగ్గరికెళ్ళాయి. ఆమె మెయిన్ కిందికి లాగేసింది. పంకా తిరగడం మెల్లగా ఆగింది.

ఆయన మీటరులో సున్నా చూసి, తలెత్తి పంకా వంక చూశాడు.

"కరెంటు పోయింది చూశావా?"

"పోయిందండీ," అంది ఆమె.

తెలిసిపోయింది. తెలిశాక కూడా రాయలేదు. మూడో ఫ్యూజు పోయినప్పుడు సొరుగు కూడా తెరవకుండా మార్చింది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని మూసుకుని కూర్చుంది. ఇంకో మూడేళ్ళు గడిస్తే రిటైరవుతాడు. పూలదండ వేస్తారు, నాలుగు మంచి మాటలు చెప్తారు, ఇంటికొచ్చేస్తాడు. అంతవరకూ ఎలాగో. రోజూ పొద్దున ఆయన మీటరు ఇచ్చేముందు ఎర్ర వైరు వోల్టుల రంధ్రంలో పెట్టి, గట్టిగా నొక్కి, అప్పుడు కిటికీలోంచి అందించేది. దేవుడికి దీపం పెట్టినట్టు చేసేది ఆ పని.

నాలుగోది పోయిన రోజు మీటరు తెచ్చింది తమ్ముడు. కిటికీ దగ్గర ఆగకుండా తలుపు తోసుకుని గదిలోకొచ్చి, బల్లమీద మీటరు పెట్టి, నేలమీద కూలబడ్డాడు.

"మంచినీళ్ళివ్వక్కా."

ఇచ్చింది. సగం చొక్కామీదే పోసుకున్నాడు.

"బావ ఏడి?"

"క్యాంటీన్లో ఉన్నాడు. వెల్డరుతో నవ్వుతున్నాడు. ఏం తెలీదు ఆయనకి." గ్లాసు కింద పెట్టాడు. "మూడో నంబరు ప్యానెల్లో మోటారుకి కరెంటు కలిపే కాంటాక్టరు మార్చాలి. కరెంటు ఆపడానికి బావ స్విచ్చి తీశాడు. మూడోది కాదక్కా, పక్కది తీశాడు. నేను పానాలు సర్దుకుంటున్నా, చూళ్ళేదు. మీటరు పెట్టి, చచ్చిందిరా, చెయ్యి పెట్టు, అన్నాడు. బతికున్నచోట ముందూ చూళ్ళేదు, తర్వాతా చూళ్ళేదు. అంతకుముందు ఇంకో మోటారుకి కరెంటు కొలిచిన ఎర్ర వైరు అక్కడే ఉండిపోయింది, ఫ్యూజు అప్పుడే పోయుంటుంది. ఆ మిషన్ల హోరులో టిక్‌మన్నా ఎవడికి వినబడుద్ది? ఫ్యూజు పోయాక సున్నా కాక ఏం చూపిస్తది."

"నువ్వు చెయ్యి పెట్టావా?"

"పెట్టబోయా. జేబులో పెన్ను టెస్టరుంటది కదా, కరెంటు దగ్గర పెడితే కూసేది. ఎందుకో తీసి పెట్టా. కూసింది." చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "నాలుగువందల పదిహేను వోల్టులక్కా."

ఆమె పక్కన కూర్చుని, వాడి చేతులు రెండూ లాగి తిప్పి చూసింది.

"ఎందుకో తీసి పెట్టానంటే అబద్ధం," అన్నాడు, మొహం ఎత్తకుండా. "రెండు నెలల నుంచి తీసి పెడతానే ఉన్నా. బావ చూడకుండా. ఎర్ర వైరు తప్పు హోలులో ఉంటే నేనే మారుస్తా, బావా ఆ స్క్రూడ్రైవరిలా ఇవ్వు అని అటు తిప్పి. మర్చిపోతున్నాడక్కా. నీకు చెబితే తట్టుకోలేవని చెప్పలేదు."

ఆమె లేచి మూల ఉన్న పాత పెట్టె తెచ్చి వాడి ముందు పెట్టింది. మూతలు ఊడిన మీటర్లు మూడు. ఫ్యూజులుండాల్సిన గూళ్ళు మూడూ ఖాళీ.

వాడు చూశాడు. అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత అక్క మొహంలోకి చూసి తల దించుకున్నాడు. ఇన్నాళ్ళూ ఇద్దరూ చెరోవైపు నుంచి ఒకే గోడకి సున్నం కొడుతున్నారు, లోపల ఇటుకలు రాలిపోతుంటే.

ఆమె సొరుగు లాగి పసుపు కాగితాలు తీసింది.

"వద్దక్కా. నేను చూసుకుంటా కదా."

"చూసుకోడానికి నువ్వుండాలి కదరా."

"ఆయన చేతిలోంచి మీటరు లాక్కుంటే ఇంకేం మిగుల్తదక్కా ఆయనకి? పెళ్ళాంవి, నువ్వా రాసేది? ఇంకెవరిచేతన్నా రాయించు."

"ఈ గదిలో ఇంకెవరున్నార్రా?"

నాలుగు కాగితాలు రాసింది. ఒక్కటి కాదు. మొదటి మూడింటి తేదీలు ఆమెకి నోటికొచ్చు. కింద, 'ఈ మూడూ నేను దాచాను, ఫ్యూజులు నేనే మార్చాను' అని రాసి సంతకం పెట్టింది. తమ్ముడు తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయాడు.

సేఫ్టీ ఆఫీసరు ముప్పై దాటని అమ్మాయి. మాస్టారి దగ్గరే మీటరు పట్టుకోవడం నేర్చుకుంది. నాలుగు కాగితాలూ రెండుసార్లు చదివి, "ఇలా ఎందుకు చేశావక్కా?" అంది. దాచినందుకు హెచ్చరిక కాగితం ఇచ్చింది. పరీక్ష మర్నాడు పదకొండింటికన్నది. పరీక్షకి మీటరు తేవాల్సింది పరికరాల గదివాళ్ళే. అంటే ఆమే.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయనకి చెబుదామని మూడుసార్లు నోరు తెరిచింది. ఆయన పాత రేడియో విప్పి ముందేసుకుని ఈల వేస్తున్నాడు. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శిక్షణ గదిలో నేర్చుకునేవాళ్ళ కోసం పెట్టిన ప్యానెల్ ఉంది. ఇరవైనాలుగు వోల్టులే, ప్రాణభయం లేదు. ఆయనే పాతికేళ్ళ కింద తన చేత్తో బిగించిన ప్యానెల్ అది. ఆయన లోపలికొచ్చి, భార్య చేతిలో మీటరునీ ఆఫీసరునీ చూసి, "ఏంటమ్మా, గురువుకే పరీక్షా?" అని నవ్వాడు.

"అందరికీ చేస్తున్నాం మాస్టారూ," అంది ఆఫీసరు, నేలచూపులు చూస్తూ.

బతికున్నచోట చూశాడు. ఇరవైనాలుగు. చిన్న దీపం ఎంత కరెంటు తీసుకుంటోందో కొలవమంది ఆఫీసరు. ఎర్ర వైరు మార్చి కొలిచాడు. "ఇప్పుడు ఈ లైను చచ్చిందో లేదో చెప్పండి మాస్టారూ." ఆయన డయలు తిప్పాడు. ఎడంచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడ కాగితం చుట్టల్ని లారీకెక్కిస్తున్నారు.

టిక్.

ఈ గదిలో మిషన్ల హోరు లేదు. అందరికీ వినబడింది. ఆ చప్పుడంటే ఏంటో ఆ గదిలో ఉన్నవాళ్ళకి నేర్పింది ఆయనే.

ఆయన మీటరు వంక చూశాడు. ఎర్ర వైరు ఎక్కడుందో చూశాడు. మెల్లగా దాన్ని ఊడదీసి వోల్టుల రంధ్రంలో పెట్టాడు. బొటనవేలితో నొక్కాడు, గట్టిగా ఉందో లేదో కదిపి చూశాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియనట్టు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరమ్మాయి మొహం పక్కకి తిప్పుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడాయన. ఆఫీసరుని కాదు, భార్యని.

"వానలప్పటి నుంచి."

"ఎన్ని?"

"నాలుగండీ. ఇది అయిదు."

ఆఫీసరు ఇచ్చిన నాలుగు కాగితాలూ ఆయన నిలబడే చదివాడు, మూడో ప్యానెల్ దగ్గర జరిగిందీ విన్నాడు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పి, గోడకానుకుని, అప్పుడన్నాడు. "మొదటిదానికే నాతో చెప్పాల్సింది. నేనే రాసిచ్చేవాణ్ణి పసుపు కాగితం. నా గురించి ఆమాత్రం తెలీదా నీకు? మూడు ఫ్యూజులు మార్చావు. వాడి చెయ్యి పోయుంటే ఎన్నో ఫ్యూజు వేసేదానివి?"

ఆ తర్వాత ఆమెతో మాటల్లేవు. డాక్టరు దగ్గరికి తమ్ముడితో వెళ్ళాడు, ఆమెతో కాదు. తల ఫొటోలు తీశారు. డాక్టరు ఏదో పొడవాటి పేరు చెప్పి, తగ్గేది కాదు, నెమ్మదిస్తుందేమో చూద్దామన్నాడట. మిల్లులో ఆయన్ని స్టోర్సులో వేశారు, సామాను పెట్టెలకి చీటీలు అంటించే పని. అన్నం పెడితే తిన్నాడు, పిలిస్తే పలకలేదు. పడుకుంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు. మొక్కలకి నీళ్ళు పోస్తూ వాటితో మాట్లాడేవాడు, ఆమె పెరట్లోకొస్తే ఆపేసేవాడు.

ఆమె దాన్ని భరించింది. నిజం చెప్పాలంటే ఆ కోపం ఆమెకి ఒక ఆసరా అయింది. కోపం ఉందంటే గుర్తుందన్నమాట. తను చేసింది గుర్తున్నంతకాలం ఆయన ఆయనే.

పదకొండు రోజులు గడిచాయి.

పన్నెండో రోజు పొద్దున ఆయన వంటింటి గుమ్మంలోకొచ్చి, "ఏమోయ్, నా నీలం చొక్కా గుండీ ఊడింది. కుట్టి పెడతావా, లేక గుండీ లేకుండా తిరిగి ఎవర్నన్నా చూసుకోమంటావా?" అన్నాడు.

ఆమె చేతిలో గరిటె ఆగింది. వెనక్కి తిరిగి చూడ్డానికి భయం వేసింది. "ఈ వయసులో గుండీలన్నీ ఉన్నా ఎవరూ చూడరు లెండి," అంది. ఆయన నవ్వాడు. ఆమె చొక్కా ఆయన ఒంటిమీదుండగానే గుండీ కుట్టింది, దారం పళ్ళతో తెంపింది. ఆయన గుండె చప్పుడు చెవికి తగిలింది. మిల్లుకి ఇద్దరూ కలిసే నడిచారు. దారిపొడుగునా ఏవో చెబుతూనే ఉన్నాడు. పక్కింటావిడ కొత్త కుక్క గురించి, దానికి ఆవిడ పెట్టిన స్వెట్టరు గురించి. ఆమె నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. క్షమించాడు. ఎంత పెద్ద మనసు, అనుకుంది. సాయంత్రం తమ్ముణ్ణీ మరదల్నీ భోజనానికి పిలవాలి, వాడు కూడా తనతో సరిగా మాట్లాడి పన్నెండు రోజులైంది.

గేటు దగ్గర విడిపోయారు. ఆయన స్టోర్సు కుడివైపు. ఆమె కిటికీ తెరిచి, టోకెన్లు తీసుకుంటూ మీటర్లు ఇవ్వడం మొదలెట్టింది. మేస్త్రీకిచ్చింది. పంపుల దగ్గరవాడికిచ్చింది. తలెత్తకుండానే తర్వాతి టోకెన్ కోసం చెయ్యి చాపింది.

అరచేతిలో ముప్పయ్యేళ్ళ అరుగుదలకి అంకెలు చెరిగిపోయిన టోకెన్ పడింది.

"నా మీటరివ్వు," అన్నాడాయన. "మూడో ప్యానెల్లో కాంటాక్టరు మార్చాలి. మీవాడు ఎదురుచూస్తుంటాడు."

ఆమె తలెత్తింది. ఆయన మొహంలో ఏ కల్మషమూ లేదు. పొద్దున గుమ్మంలో నిలబడ్డ మొహమే. వెనక వెల్డరు ఉన్నాడు. అందరికీ తెలుసు. వెల్డరు తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

క్షమించలేదు. మరిచిపోయాడు.

మీటర్లన్నీ క్యాలిబ్రేషనుకి పోయాయండీ అనొచ్చు. నోటి చివరకొచ్చింది. ఆయన సరేనని వెళ్ళిపోతాడు. రేపు మళ్ళీ వస్తాడు, రేపటికి ఇంకోటి. పాత పెట్టెలో ఫ్యూజులలాగా అబద్ధాలు కూడా ఒకటి తర్వాత ఒకటి దొరుకుతూనే ఉంటాయి.

ఆమె వరసలో ఉన్నవాళ్ళకి ఒక్క నిమిషం అని చెయ్యి చూపించి, తలుపు తీసుకుని బయటికొచ్చింది. గోడవారన ఉన్న బల్ల మీద ఆయన్ని కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"మీకు మీటరు ఇవ్వకూడదండీ. కాగితం నేనే రాశాను."

"నువ్వా? నామీదా?" నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "ఎందుకు?"

చెప్పింది. ఈసారి మొదటి ఫ్యూజు దగ్గర్నుంచి చెప్పింది. జ్వరం వచ్చి తగ్గిన వారం, పాత మీటర్ల పెట్టె, ఆదివారం మెయిన్ స్విచ్చి తను లాగడం, మూడో ప్యానెల్, పక్క స్విచ్చి. ఏదీ వదల్లేదు. చెబుతున్నంతసేపూ ఆయన మొహం ఒక్కో ఫ్యూజుకీ కొంచెం కొంచెం ముసలిదవడం చూస్తూనే చెప్పింది. ఇప్పుడు కోప్పడతాడు, మళ్ళీ పదకొండు రోజులు, అనుకుంది. పడితే బావుండుననుకుంది.

ఆయన చేతులు రెండూ మోకాళ్ళమీద పెట్టుకుని కూర్చున్నాడు.

"వాడికేం కాలేదు కదా?" అన్నాడు చివరికి. "చేతికి?"

"ఏం కాలేదండీ. బానే ఉన్నాడు."

"నువ్వు చూశావా? కళ్ళతో చూశావా?"

"చూశాను. రెండు చేతులూ చూశాను."

ఆయన తలూపాడు. అటు తిరిగి కిటికీ దగ్గర వరస వంక చూశాడు. ఎనిమిదిమంది ఉన్నారు, షిఫ్టు గంట మోగబోతోంది.

"వాళ్ళు నిలబడున్నారు," అన్నాడు. "వెళ్ళు. ముందు వాళ్ళకివ్వు."